చివరి అక్షరానికి కూలి

రివేరాలో మా గురువు ఒలెగారియో
సమాధి రాళ్లు చెక్కేవాడు. అక్షరానికింతని కూలి.
వీధికి ఇవతల ఉరుగ్వే, అవతల బ్రెజిల్,
నడుమ గోడ లేదు, కుక్కలకు పాస్‌పోర్టు లేదు.
ఇవతలి చావు స్పానిష్‌లో, అవతలి చావు పోర్చుగీసులో.
రెండింటికీ ఉలి ఒకటే.

పేరు చెక్కడం పెద్ద పని కాదురా, అనేవాడు.
పేరు పక్కన పెట్టే గుణం ఉంది చూడు,
దాని తోక దగ్గరే చెయ్యి వణుకుతుంది.
'ఊదొ' తగిలించావా, ఒళ్లంతా అదే అయిపోతుంది.
ముక్కున్న మనిషి కాస్తా నరిగూదొ:
ముక్కు ముందొస్తుంది, మనిషి తర్వాతొస్తాడు.
'యెంతొ' తగిలిస్తే పైన ఏదో పేరుకుంటుంది,
దుమ్మో, బూడిదో, ఆకలో.
'ఈసొ'తో మాత్రం జాగ్రత్త.
అది ఉన్న గుణం కాదు, ఒరుగు.
ఒల్విదదీసొ, మరుపు వైపు ఒరిగినవాడు.
ఎన్ఫెర్మీసొ, జబ్బు వైపు.

సరిహద్దు వాళ్లం, మనల్ని ఫ్రొన్తెరీసొ అంటారు కదా, అన్నాను.
ఒలెగారియో రాతి మీద దుమ్ము ఊదాడు.
"అందుకేగా, మన వీధిలో బిందె ఒలికితే
ఎటు పారాలో తెలీక నీళ్లు నిలబడతాయి."

ఆ జూలై చలిలో ఒర్తేన్సియ వచ్చింది,
రుమాలులో చిల్లర మూట.
మొగుడు గుమెర్సిందు, అవతలివాడు.
ముప్పై ఒక్కేళ్లు ఆమె స్పానిష్‌లో తిట్టింది,
అతను పోర్చుగీసులో విన్నాడు.
పేరుకీ తేదీలకీ పోగా
ఏడక్షరాలకి సరిపడా మిగిలింది.

"దయగలవాడని పెడదామా? నీ భాషలో బొన్దదోసొ, తొమ్మిది.
అతని భాషలో బొన్దోసొ, ఏడే."
ఆమె నవ్వింది.
"రోజూ దయేం లేదు. ఆదివారాలు ఒకటే సణుగుడు.
రెసొన్గోన్ అని పెట్టు."
గురువు వేళ్లు మడిచాడు. "ఎనిమిది."
"సణుగుడికీ చాలని డబ్బా నాది!"

అప్పుడు గురువు వీధి దాటి ఓ మాట తెచ్చినట్టు
మెల్లగా అన్నాడు: సౌదోసొ.
"ఏడే. బెంగకి తోక తగిలిస్తే వచ్చింది.
బెంగ పెట్టుకున్నవాణ్నీ అదే అంటారు,
ఎవరి మీద బెంగో వాణ్నీ అదే అంటారు."
"అంటే పోయినవాడా, మిగిలినదా?"
"రాయి చెప్పదు."

చాలాసేపు కూర్చుంది. చేతిలో మాతె చల్లారిపోయింది.
"చివర 'ఓ' అంటే అతనే. నేనైతే 'ఆ', అవునా?"
"అవును."
"ఇద్దరమూ అయితే?"
"ఇద్దరైతే 'ఓస్'. అందులో నువ్వుంటావు, కనిపించవు."
"ఇంట్లో అలవాటే. రాతి మీద వద్దు."

ఆరక్షరాలే చెక్కమంది.
ఏడోదాని చోటు నున్నగా వదిలెయ్యమంది.
కూలి మాత్రం ఏడింటికీ లెక్కపెట్టి బల్ల మీద ఉంచింది.
"నేనొచ్చాక చూద్దాం."

గురువూ పోయాడు. తన రాతి మీద పేరొక్కటే చాలన్నాడు,
గుణం ఉచితంగా చెక్కుతానన్నా వినలేదు.
మొన్న మార్చిలో ఒర్తేన్సియని తెచ్చి
అదే పలక కింద పడుకోబెట్టారు.
రెండు మధ్యాహ్నాలు ఉలి పట్టుకుని పక్కన కూర్చున్నాను.
'ఓ' గుండ్రం. కొంచెం జారితే దిద్దలేం.
'ఆ' ఒకే మెట్టున్న నిచ్చెన,
తేలిక, అందుకే భయం.

మూడోరోజు వాన.
ఆరక్షరాల్లోనూ నీళ్లు నిండాయి.
ఏడో చోట నిలవలేదు, జారిపోయాయి.
ఎటు జారాయో చూశాను.

ఆమె ఇచ్చిన ఏడో నాణెం ఇంకా సున్నం డబ్బాలోనే ఉంది.
తుడిచి వెలుగులో పెట్టి చూశాను, పాతది.
ఇప్పుడది వీధికి
ఏ వైపూ చెల్లదు.